రంగు నిలిచిన రోజు

చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నడుపుతుంటే పక్కగదిలోంచి మావారు కేకేశారు. "ఏమోయ్, మనం గుడ్లకి రంగు ఎక్కించింది ఎన్నో రోజున? అయిదా, ఆరా?"

"ఆరు," అన్నాను. ముప్ఫై నాలుగేళ్ళ కిందటి సంగతి, అయినా ఆలోచించనక్కర్లేకపోయింది. ఎవరి కళ్ళద్దాలు ఎక్కడున్నాయో, ఎవరికి ఏ మాత్ర ఎప్పుడో గుర్తుపెట్టుకోవడం ఈ ఇంట్లో నా పనే కాబట్టి ఇదీ నా వంతుకే వచ్చింది. రేపు ఆయన రిటైర్మెంటు సభ. మేమిద్దరం పరిశోధన మొదలుపెట్టిన ఆ ల్యాబు వాళ్ళే చేస్తున్నారు. ప్రసంగంలో పాత రోజులు చెప్పాలట. ఆయనకి సంవత్సరాలు గుర్తున్నాయి గానీ రోజులు గుర్తులేవు.

నాకు రోజులే గుర్తు. తలుపు తీయగానే పొదిగే పెట్టెలోంచి వెచ్చటి తడి వాసన వచ్చేది. లోపల వరసలుగా కోడిగుడ్లు. పూటపూటా వాటిని పక్కకి తిప్పేది నేనే కాబట్టి ల్యాబులో నన్ను 'పెట్ట' అనేవారు. కోపం రాకపోగా ముచ్చటేసేది. పెంకు మీద తేదీ పెన్సిల్‌తోనే రాయాలి, సిరా అయితే లోపలికి దిగుతుంది. గోరంత కిటికీ కోసి, సన్నటి సూదితో రంగు మందు ఎక్కించి, టేపు అంటించి మళ్ళీ వెచ్చగా పడుకోబెట్టాలి. ఆ పని చేస్తున్నంతసేపూ నేను ఊపిరి బిగబట్టేదాన్నట. మావారే చెప్పి నవ్వేవారు.

ఎందుకీ రంగు అంటే, మా ఇద్దరి చేతా పరిశోధన చేయించిన సారు చెప్పినట్టే చెబుతాను. కంటి లోపల చూపు పొర తయారయ్యేటప్పుడు మొదట్లో అన్నీ ఒకేలాంటి కణాలు. ఏదైనా కాగలవు. రెండుగా చీలుతూ, పెరుగుతూ పోతాయి. ఒకరోజు ఒక కణం చీలడం మానేసి ఒక పనిలో కుదురుకుంటుంది. మెదడుకి కబురు మోసేవి అన్నిటికంటే ముందు కుదురుకుంటాయి. వెలుగు పట్టేవి ఆ తర్వాత. మిగతావాటికి ఊతంగా నిలబడి, తిండి అందించి, మురికి ఎత్తేవి చిట్టచివర. మేమెక్కించిన రంగు, ఆ రోజు చీలడం ఆపేసిన కణంలో నిండుగా నిలిచిపోతుంది. ఇంకా చీలుతూ పోయేవాటిలో సగం సగం పంచుకుంటూ వెలిసిపోతుంది. దేనికి రంగు నిలిచిందో చూస్తే అది ఏ రోజున కుదురుకుందో తెలుస్తుంది. ఒక్కో రోజున ఒక్కో రకమే కుదురుకుంటుందని సారు గట్టి నమ్మకం.

ఒక మధ్యాహ్నం, పొదగేసిన ఆరో రోజున రంగెక్కించిన గుడ్డు స్లైడు చూస్తున్నాను. వెలుగు పట్టే కణం మెరుస్తోంది. దాన్ని ఆనుకునే ఊత కణమూ మెరుస్తోంది. ఒకే రోజు, రెండు రకాలు! "ఏయ్, ఇటు రా, ఒకసారి చూడు," అని మావారిని పిలిచాను. అప్పటికి మావారు కాదు, పక్క బల్ల కుర్రాడు. ఆ 'మీరు' అనడం పెళ్ళయ్యాక అత్తగారి ముందు మొదలై అలాగే ఉండిపోయింది. ఆయన చూసి, "తేదీ తప్పేసుంటావులే పెట్టా," అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ పన్నెండు గుడ్లు పెట్టాను. పన్నెండింట్లోనూ అదే. సారు తనే మైక్రోస్కోపు ముందు కూర్చుని పన్నెండూ చూశారు. ఆ సాయంత్రం ముగ్గురం మెట్ల మీద కూర్చుని టీ తాగాం. అంత సంతోషం నాకు మళ్ళీ కలగలేదు, బిడ్డ పుట్టినప్పుడు కూడా. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.

పెళ్ళయ్యాక నెల తప్పింది. "కడుపుతో ఉన్నవాళ్ళు ఆ మందు దగ్గరికి రాకూడదమ్మా, కొన్నాళ్ళు ఆగు," అన్నారు సారు. నా గుడ్లు మావారి చేతికి వెళ్ళాయి. కొన్నాళ్ళు కాస్తా పాప పాలు, పాప జ్వరాలు, అత్తగారి మోకాళ్ళు అయ్యాయి. "కళ్ళ సంగతి వాడు చూసుకుంటాడు, నువ్వు పిల్లని చూసుకో," అనేవారు ఆవిడ. మావారు మంచివారే. "ఎప్పుడైనా వెళ్ళొచ్చు, ఎవరు కాదన్నారు?" అనేవారు. నిజమే, ఎవరూ కాదనలేదు. ఎవరూ పిల్లని ఎత్తుకోనూ లేదు. ఆ రెండు రకాల సంగతి మీద అచ్చయిన వ్యాసంలో సారు పేరూ ఆయన పేరూ ఉన్నాయి. నా పేరు ఆఖరి పేజీలో, 'గుడ్ల సంరక్షణలో సాయపడినందుకు' అని.

మావారు కాగితం పట్టుకుని వచ్చారు. "విను, ఎలా ఉందో చెప్పు. 'ఒక మధ్యాహ్నం నాకు స్లైడులో రెండు రకాలు కనిపించాయి. నమ్మలేక మా ఆవిడని పిలిచి చూపించాను. తేదీ తప్పేమో అని నవ్వేసింది.' నవ్వుతారు కదూ జనం?"

ఆయన మొహంలో అబద్ధం లేదు. అందుకే భయమేసింది. ఆయన ఆ ల్యాబులోనే ఉండి ఏటికేడూ కొత్త పనుల్లోకి చీలుతూ పోయారు, ఆ రోజు ఆయనలో వెలిసిపోయింది. ఆగిపోయిన నాలో నిండుగా ఉంది. రేపు రెండొందలమంది ముందు ఆ మాట అనేస్తే ఇక జరిగింది అదే అవుతుంది. నాకు నాదంటూ ఉన్నది ఆ ఒక్క రోజు.

ఇస్త్రీపెట్టె స్విచ్ కట్టేశాను. "పిలిచింది నేను. తేదీ తప్పన్నది మీరు."

"ఎవరు పిలిస్తే ఏముందోయ్, ఇద్దరం ఒకటేగా."

"అయితే నేను పిలిచాననే చెప్పండి."

ఆయన నవ్వబోయి ఆగారు. కాగితంలో ఆ వాక్యం మళ్ళీ చదువుకున్నారు. "ఇన్నేళ్ళూ క్లాసుల్లో ఇలాగే చెప్పుకొచ్చానే," అన్నారు మెల్లగా.

అంటే ఎంతమంది పిల్లల నోట్సుల్లో నేను నవ్వేసిన మనిషినో!

"రేపు నేనూ మాట్లాడతాను," అన్నాను. "మీకంటే ముందు."

"నువ్వా? ఏమని పరిచయం చెయ్యను?"

"చూసింది ఈవిడ, రాసింది నేను అనండి. చాలు."