చేపల విందులో ఇద్దరు జడ్జి అభ్యర్థులు

మా మిల్వాకీలో మునిసిపల్ కోర్టు జడ్జి పదవికి జరిగే ఎన్నికంత దిక్కులేని ఎన్నిక ఇంకొకటి ఉండదు. ఏప్రిల్లో, వీధి మూలల్లో మంచు ఇంకా మురికి కుప్పలుగా పడి ఉండగానే వచ్చిపడుతుంది. బ్యాలెట్ కాగితంలో ఎక్కడో అడుగున ఉంటుంది. అభ్యర్థి పక్కన పార్టీ పేరు ఉండదు. తన నోటితో తాను చందా అడగకూడదు. ఏ కేసులో ఏం తీర్పు ఇస్తాడో చెప్పకూడదు. ఇంక మిగిలిందేమిటయ్యా అంటే, పేరొక్కటే. పెళ్ళిచూపులకు పంపి, పేరు మాత్రం చెప్పి నోరు మూసుకుని రమ్మన్నట్టు ఉంటుంది.

ఆర్మిన్ లెమ్కే ఆ పదవికి మూడు సార్లు పోటీ లేకుండానే నెగ్గాడు. కుక్కల మొరుగుళ్ళు, కోయని గడ్డి, అతివేగం, ఇంటి ముందు ఎత్తని మంచు, ఇవీ ఆయన చూసే కేసులు. ఈసారి మాత్రం పోటీ వచ్చింది. ఉత్తరం వైపు నుంచి వెర్నీస్ టాలివర్ అనే లాయరమ్మ నిలబడింది. నలభై దాటిన మనిషి, గట్టి గొంతు, చర్చిలో పాడుతుంది, ఇంటినిండా అక్కచెల్లెళ్ళు.

పోటీ అన్నాక జనంలోకి వెళ్ళాలి కదా. ఈస్టరుకు ముందు, శుక్రవారాలు మాంసం మానే తపస్సు కాలంలో మా ఊళ్ళో జనం దొరికేది ఒక్కచోటే. శుక్రవారం సాయంత్రం చర్చిల కింది హాళ్ళలో చేపల విందు. ఏప్రిల్లో ఓటు వేసే ముసలివాళ్ళందరూ అక్కడే ఉంటారు. ఆర్మిన్ మొదటి శుక్రవారం దక్షిణం వైపు పోలిష్ వాళ్ళ చర్చికి వెళ్ళాడు. వేయించిన చేప, ఆలుగడ్డ అట్లు, పక్కన యాపిల్ గుజ్జు. పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. ఏ బల్ల దగ్గరికి వెళ్ళినా కోటో, చేతిసంచో ఖాళీ కుర్చీలోకి వచ్చి పడింది.

"మా తమ్ముడొస్తున్నాడండీ."

"ఇది మా ఆవిడ కోసం అట్టిపెట్టాను జడ్జి గారూ."

తమ్ముడూ రాలేదు, ఆవిడా రాలేదు. కట్టని చలానా లేని ఇల్లు మా ఊళ్ళో ఎన్నుంటాయి చెప్పండి! జడ్జి పక్కన కూర్చుని చేప మింగుడు పడేదెవరికి? ఆయన మూలనున్న బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆ పక్క కుర్చీలోకే, కొత్త మనిషని ఎవరూ చోటివ్వక అదే అవస్థ పడి, వెర్నీస్ టాలివర్ వచ్చి కూలబడింది.

"మీ పక్కన కూర్చుంటే నన్నేం కోర్టుకీడ్చరు కదా జడ్జి గారూ?"

"నువ్వు నా కుర్చీ లాగేసుకోవడానికొచ్చావు. పక్కన కూర్చోవడం దానికంటే పెద్ద నేరమేం కాదులేమ్మా."

ఆమె పకపకా నవ్వింది. చుట్టుపక్కల నాలుగు తలలు తిరిగాయి. ఆర్మిన్ కూడా నవ్వాడు. భార్య ఇర్మా పోయాక ఇంకో మనిషితో కలిసి అన్నం తింటూ నవ్వడం అదే మొదలు. ఆ సంగతి ఇంటికెళ్ళి బూట్లు విప్పుతుంటే గుర్తొచ్చింది. అలాగే ఒక బూటుతో చాలాసేపు కూర్చుండిపోయాడు.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం అదే తంతు. చర్చి మారేది, మనుషులు మారరు. ఇద్దరూ పేర్లు చెప్పుకుంటూ బల్లల చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, చివరికి మూల బల్ల దగ్గర కలిసేవాళ్ళు. ఆర్మిన్ ముందొస్తే ఆమెకు రై రొట్టె తెచ్చిపెట్టేవాడు. ఆమె ముందొస్తే ఆయనకు క్యాబేజీ లేకుండా వడ్డించమని వంటవాళ్ళతో చెప్పేది. ఒకసారి ఒక ముసలాయన వాళ్ళ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మీరిద్దరూ చెత్తబండ్ల శాఖకేనా పోటీ?"

"కాదు తాతా, కోర్టుకి," అంది వెర్నీస్. "ఈయనకి వెయ్యి. కుక్కల కేసుల్లో ఈయన్ని మించినవాడు లేడు."

"అబ్బే, ఈ అమ్మాయికే వెయ్యండి," అన్నాడు ఆర్మిన్. "నాకు మొరుగుడు విని విని చెవులు పోయాయి."

"చెవులు పోయినవాడూ, వేళాకోళమాడే పిల్లా. మా ఊరి ఖర్మ!" అని ముసలాయన పోయాడు. ఇద్దరూ బల్ల మీద తలలు వాల్చి నవ్వారు.

వేళాకోళమొక్కటే కాదు. కేసుల గురించి కాకుండా న్యాయం గురించి వాదించుకునేవాళ్ళు. నడుం పడిపోయిన మనిషి మంచు ఎత్తలేకపోతే జరిమానా ఎంతవరకు న్యాయం? తప్పు ఒప్పుకున్నవాడి గొంతులో భయాన్ని లెక్కలోకి తీసుకోవాలా? ఈమె తనకంటే మంచి జడ్జి అవుతుందని మూడో వారానికే ఆర్మిన్‌కు తెలిసిపోయింది. అందుకు ఆయనకు కొంచెం కూడా కడుపుమంట కలగలేదు.

"ఈ ఉద్యోగంలో కష్టమేంటి జడ్జి గారూ? తీర్పు చెప్పడమేనా?" అని ఒకనాడు అడిగింది.

"తీర్పుదేముందమ్మా, అలవాటైపోతుంది. తిండే కష్టం. నీ కోర్టుకొచ్చే లాయరుతో కూర్చుని తినకూడదు. రేపు చలానాతో వచ్చేవాడి ఇంటికి వెళ్ళకూడదు. ఊరన్నాక ఎవడొస్తాడో ఎవడు రాడో ఎలా తెలుస్తుంది? అందుకని ఎక్కడికీ వెళ్ళకుండా ఉంటే సరిపోతుంది."

"మరీ అంతలా ఉండాలని రూల్లో ఉందా?"

"రూల్లో ఇంత లేదు. కానీ జనం చూసేది రూలు కాదు, నువ్వెవరితో కూర్చున్నావో చూస్తారు. నేను బంతి దొర్లించే బౌలింగ్ జట్టు మానేశాను. మా ఆవిడ చుట్టాల పేకాట మానేశాను. ఇర్మా ఉన్నన్నాళ్ళు ఏమీ అనిపించలేదు."

ఆమె వేళాకోళం చేయలేదు. ఆ మాటలు శ్రద్ధగా విని తల ఊపింది.

ఆ వారమంతా ఆర్మిన్ మనసు మనసులో లేదు. ఇప్పుడంటే ఇద్దరూ పోటీదారులు కాబట్టి ఎవరూ ఏమీ అనడం లేదు; తను నెగ్గితే వెర్నీస్ ఎప్పటిలా లాయరు. తన కోర్టుకొచ్చి, బల్లకు అవతల నిలబడి, "యువర్ ఆనర్" అంటుంది. ఇంక శుక్రవారాలుండవు. అదే తను ఓడిపోతే? తను జడ్జి కాదు. ఎవరి పక్కనైనా కూర్చోవచ్చు, ఎవరింటికైనా వెళ్ళవచ్చు. ఆ ఆలోచన వచ్చేసరికి ముసలాయన గుండె కుర్రాడి గుండెలా కొట్టుకుంది. తప్పుగా అనుకోకండి, ప్రేమా దోమా కాదు. ఎదురుగా కూర్చుని "ఇంకో అట్టు తినండి" అనే మనిషి కావాలి, అంతే. ఆ అంతే అన్నది లేక మనుషులు చచ్చిపోతారు.

ఓట్ల రోజున బడిలో తెర వెనక నిలబడి, బ్యాలెట్ అడుగున తన పేరు ఒకసారి చదువుకున్నాడు. తర్వాత వెర్నీస్ టాలివర్ పేరుకు ఎదురుగా గుర్తు పెట్టాడు. పెట్టి, దొంగతనం చేసినవాడిలా అటూ ఇటూ చూశాడు. నిజానికి ఆయన ఓటుతో పని కూడా లేకపోయింది. వెర్నీస్ భారీగా నెగ్గింది. ఆ సాయంత్రం అభినందించడానికి ఫోన్ చేస్తే, అవతల పాటలూ కేకలూ.

"శుక్రవారం వస్తావా?" అని అరిచాడు ఆర్మిన్.

"గుడ్ ఫ్రైడే కదండీ, రాకుండా ఎలా ఉంటాను!" అని ఆమె కూడా అరిచింది.

ఓడిపోయి ఈల వేసుకుంటూ తిరిగిన అభ్యర్థిని మా వీధి అంతకుముందు చూడలేదు. మర్నాడు పొరుగింటి క్లారెన్స్ పావ్‌లాక్ కంచె దగ్గర పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆ మనిషి తనంతట తాను పలకరించింది లేదు.

"ఏం జడ్జి గారూ, ఇప్పుడు ఖాళీయే కదా? మంచు ఎత్తలేదని నాకు చలానా రాశారు. మే నెలలో వాయిదా. మీరొచ్చి మాట్లాడితే పోతుంది."

"తప్పకుండా వస్తాను క్లారెన్స్. లోపలికి రా, కాఫీ తాగుదాం," అన్నాడు ఆర్మిన్. మనిషి వచ్చి తన వంటింట్లో కూర్చున్న సంతోషంలో ఆయనకు ఇంకేమీ తట్టలేదు.

గుడ్ ఫ్రైడే నాడు ఆయన అందరికంటే ముందే హాలుకు చేరాడు. ఈసారి మధ్య బల్ల దగ్గరే కూర్చున్నాడు. రై రొట్టె తెచ్చాడు, రెండు పళ్ళాలు తెచ్చాడు. వెర్నీస్ తలుపు తోసుకుని వచ్చేసరికి నలుగురు లేచి చేతులు కలిపారు. అవి దాటుకుని వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. కోటు మాత్రం విప్పలేదు.

"నీకొకటి చెప్పాలి," అన్నాడు ఆర్మిన్, ఆగలేక. "నేను ఓటు నీకే వేశాను."

"అయ్యో! ఎందుకండీ?"

"నేను నెగ్గితే నీతో ఇలా కూర్చోలేను కదమ్మా. లాయరువి. అందుకని ఓడిపోదామనుకున్నాను."

వెర్నీస్ చేతిలో ఫోర్కు కింద పెట్టింది.

"జడ్జి గారూ, మరి ఇప్పుడు నేను జడ్జిని కదండీ."

ఇన్నేళ్ళు ఆర్మిన్ ఆ కట్టుబాటును ఒంటికి పట్టించుకుని, అది తన ఒంటిదే అనుకున్నాడు. అది పదవిదని, పదవితో పాటు ఆమె మీదికి వెళుతుందని, అంత చదువుకున్నవాడికి తట్టలేదు. పరాయి కేసుల్లో ఇట్టే పట్టుకునేవాడు.

"క్లారెన్స్ గారని మీ పక్కింటాయన ఉన్నారట," అంది వెర్నీస్ మెల్లగా. "పాత జడ్జి నా లాయరు, కొత్త జడ్జి ఆయన నేస్తం, ఇద్దరిదీ ఒకే బల్ల, ఇంక నన్నెవడేం చేస్తాడు అని ఆయన ఊరంతా చెప్పుకు తిరుగుతున్నారు. మా అక్క పనిచేసే క్షౌరశాల దాకా వచ్చింది ఆ మాట."

"ఆ కేసు వదిలేస్తాను. ఇప్పుడే ఫోన్ చేస్తాను."

"వదిలేస్తే ఇంకొకరొస్తారు. ఆమెతో ఒక్క మాట చెప్పండి అంటారు. మీరు చెప్పరని నాకు తెలుసు. వాళ్ళకి తెలియదుగా? జనం చూసేది మనమెవరితో కూర్చున్నామనే కదండీ. మీరే చెప్పారు."

తనను గెలిపించిన జనం ముందు తొలి వారమే మచ్చ పడనివ్వనంటోంది. ఆమె స్థానంలో తనున్నా అదే అనేవాడు.

"నువ్వు చేస్తున్నది సరైన పనేనమ్మా," అన్నాడు.

వెర్నీస్ కళ్ళు తుడుచుకుంది. అప్పుడు కోటు విప్పి కుర్చీకి తగిలించింది.

"ప్రమాణం మే ఒకటిన. ఇవాళ నేనింకా ఏమీ కాను. తినండి. మెల్లగా తినండి."

మెల్లగానే తిన్నారు. ఆమె రెండోసారి అట్లు తెచ్చింది. వాళ్ళ చెల్లెలి పెళ్ళిలో పాడిన పాట సంగతి చెప్పింది. ఆయన ఇర్మా అట్లు మాడ్చిన సంగతి చెప్పాడు. చల్లారిన చేపను ముక్కలు ముక్కలు చేసి, ఆ ముక్కలను మళ్ళీ ముక్కలు చేశాడు. కాఫీ కూడా అయిపోయాక, బయట కారులో అక్క హారన్ కొట్టింది. వెర్నీస్ లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, అందరూ చూస్తుండగానే ఆయన్ని గట్టిగా కావలించుకుని వెళ్ళిపోయింది.

ఆర్మిన్ కూర్చునే ఉన్నాడు. అప్పుడే వచ్చిన కుటుంబమొకటి పక్క బల్ల దగ్గర సర్దుకుంటోంది. పిల్లలెక్కువ, చోటు తక్కువ. వాళ్ళలో ఒకావిడ వచ్చి ఎదుటి కుర్చీ మీద చెయ్యి వేసింది.

"ఎవరైనా వస్తారాండీ ఇందులో?"

ఆర్మిన్ తలుపు వైపు చూశాడు.

"ఎవరూ రారమ్మా," అన్నాడు. "తీసుకెళ్ళండి."