మంగళవారం వంట

వేసవి సెలవులయ్యాక కాలేజీ తెరిచిన రోజునే నీతిశాస్త్రం చెప్పే దొర ఒక ప్రశ్న వేసి కుర్రాళ్ళ బుర్రలు పాడుచేశాడు. ఎదుటివాడి మనసు నొప్పించకుండా ఉండటానికి అబద్ధం ఆడవచ్చా, కూడదా? ఆ సాయంత్రం గోదావరి రేవులో దాని మీద పెద్ద రగడ జరిగింది. ఎవరికోసం ఆడినా అబద్ధం అబద్ధమేనని వాళ్ళలో సోమయాజులనే కుర్రాడు గొంతు చించుకున్నాడు. ఇంట్లో గాదెలనిండా ధాన్యమున్నవాడికి సత్యం పలకడం ఎంత పని? చివరికి ఈ వారమంతా నిజమే చెప్పాలని అందరూ గోదావరి నీళ్ళు దోసిట పట్టి ఒట్టు పెట్టుకున్నారు.

ఆవేశంలో బుల్లియ్య కూడా పెట్టేశాడు. వాడు వారాలు చేసుకుని చదువుకుంటున్న పిల్లాడు. రోజుకొకరింట్లో భోజనం; ఏ ఇల్లాలికి కోపమొచ్చినా ఆ రోజుకు పస్తే.

మర్నాడు మంగళవారం. అంటే ఇన్నీసుపేటలో ప్లీడరు గంగయ్యగారిల్లు. ఆయన భార్య మాణిక్యాంబగారి మనసు వెన్న. వంటే, ఉప్పెక్కువై నోట పెట్టనిచ్చేది కాదు. పైగా ఎలా ఉందని అడగనిదే ఆవిడ వదలరు. "అమృతం" అని గంగయ్యగారు, "అవునండీ" అని బుల్లియ్య. కిందటేడంతా అలాగే నెట్టుకొచ్చారు.

ఆ పూట పనసపొట్టు కూర వడ్డించి, "ఎలా ఉంది అబ్బాయ్?" అన్నారావిడ.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. బుల్లియ్య కళ్ళు మూసుకున్నాడు. "ఉప్పుకషాయమండీ, పిన్నిగారూ."

గంగయ్యగారి చేతిలో ముద్ద ఆగిపోయింది. ఆవిడ గరిటె కింద పెట్టారు. తన మంగళవారం గోదాట్లో కలిసిందనుకుని బుల్లియ్య హడలిపోయాడు.

"నిజమేనాండీ?" అని ఆవిడ భర్తను నిలదీశారు. "మంగళవారం నాకు ఉపవాసం కదా, ఈ వంట నేను తినను. నీరసంలో ఉప్పు వేశానో లేదోనని మళ్ళీ వేస్తుంటాను. అందుకే కదా అడిగేది!"

కోర్టులో గోడలదిరేలా వాదించే మనిషి నసిగారు. "కడుపు మాడ్చుకుని వండిపెడతావు. బాగాలేదని ఎలా అననే?"

"ఆ ఉపవాసం మీ ఆయుష్షు కోసమండీ! దేవుణ్ణి మీకు ఆయుష్షిమ్మని అడుగుతూ, మీకు ఉప్పు పోస్తున్నానన్నమాట!" ఆవిడ కళ్ళొత్తుకున్నారు. అంతలోనే ఫక్కున నవ్వేశారు. "ఇకమీదట ముందు నీకే వడ్డిస్తాను నాయనా. నువ్వు తిని చెప్పాకే ఆయనకి."

బుల్లియ్యకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో మజ్జిగన్నం మారు వేయించుకున్నాడు.

పెరట్లో చేతులు కడుక్కుంటుంటే గంగయ్యగారు పక్కకు వచ్చి, వంటింటివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు.

"ఒరే అబ్బాయ్, శనివారం భోజనం ఎక్కడ నీకు?"

"ఆర్యాపురంలోనండీ."

"వాళ్ళకేదో చెప్పి ఇక్కడికే వచ్చెయ్యరా. శనివారం కూడా ఆవిడకి ఉపవాసమే."