పెద్దాయన ఫ్లాస్కులో అక్క రాయి

భూమ్మీద ఏ రాయైనా నా మొహం ఓసారి చూస్తే చాలు, కడుపులోని చమురంతా కక్కేస్తుంది. ల్యాబులో రాళ్లు కోసే పని నాదే కాబట్టి ఈ మాట నేను అనొచ్చు. ఆ రోజు మాత్రం అదే ల్యాబులో ప్రయోగాలు చేసే మా అక్క రాయి, గాజుపాత్రలో నీళ్లలో కూర్చుని, పొద్దుటినుంచీ నా మొహమే చూస్తూ చుక్క కూడా విదల్చలేదు.

దాని తప్పేం లేదు. వారాల తరబడి వేడి ముడిచమురులో నానిన ఇసుకరాయి అది. అలా నానిన రాయికి చమురే సొంత చుట్టం. నీళ్లను గడప తొక్కనివ్వదు. నీళ్లు లోపలికెళితేనే కదా చమురు బయటికొచ్చేది. ఉప్పు తగ్గించిన నీళ్లు పోస్తే రాయి మనసు మారుతుందని అక్క వాదన. మారకపోతే ప్రయోగం ఆపేస్తానని ల్యాబు పెద్దాయన చెప్పేశారు. మధ్యాహ్నం చూడ్డానికొస్తారు.

అక్క తన గోళ్లన్నీ కొరికేసి నా గోళ్ల వంక చూడసాగింది. ఆమె భోజనానికి లేవగానే గాజుపాత్రలో రాయి మార్చేశాను. కొత్తది అచ్చం దాని కవల. చమురుతో నిండింది గానీ దాంతో ఇంకా వారాల తరబడి కాపురం చెయ్యలేదు, నీళ్లను రానిస్తుంది.

పెద్దాయన వచ్చేసరికి పాత్ర మెడలోకి నల్లటి బొట్లు బారులు తీరి ఎక్కుతున్నాయి.

"శభాష్ అమ్మాయ్," అన్నారు అక్కతో.

అక్క నవ్వలేదు. "పొద్దున్నుంచీ మూతి ముడుచుకున్న రాయికి ఇప్పుడింత తొందరేంటండీ?" అని రాయి తీసి, తుడిచి, నీటిబొట్టు వేసింది. నానిన రాయి మీదైతే బొట్టు గుండ్రంగా కూర్చోవాలి. ఇది గుటుక్కున మింగేసింది.

"ఏమే, నా రాయేదే?"

"భద్రంగా ఉందక్కా. నువ్వు మళ్లీ వెచ్చబెట్టిన ఉప్పు తగ్గించిన నీళ్లలోనే వేశా."

"ఎందులో?"

నేను పెద్దాయన టీ ఫ్లాస్కు వైపు చూశాను. ఆయన మూత తీశారు. నీళ్లమీద నల్లటి చమురు తెట్టె కట్టి ఉంది. అక్క రాయిని గిన్నెడు వెచ్చటి నీళ్లలోకి మార్చి తుడిస్తే, తుడిచినచోటే ఇంకో బొట్టు ఊరింది.

"భూమిలో వెచ్చగా ఉండే రాయండీ. గాజుపాత్రలో నీళ్లు చల్లారిపోయి బిగుసుకుంది," అంటూ అక్క నన్ను వాటేసుకుని, అదే చేత్తో నెత్తిన మొట్టింది.

"వెచ్చగా ఉంచాలన్న ఆలోచన నీదా?" పెద్దాయన అడిగారు.

"అవునండీ. ఎన్నాళ్లుగానో..."

అక్క కనుబొమ్మ లేచింది.

"లేదండీ. దాచడానికి మూతున్నది ఇంకేదీ దొరకలేదు. కడిగే వాడానండీ. మీ టీ పారబోశాను." కనుబొమ్మ ఇంకా దిగలేదు. "పారబోయలేదండీ. తాగేశాను."