తుపాకికి పెట్టిన మెరుగు

నాగూర్‌కి మెరవని వస్తువంటే కిట్టదు. అల్ వుకైర్‌లో ఓ అరబ్బుల ఇంటి డ్రైవర్‌గా చేరిన నాటి నుంచీ తెల్లారేసరికల్లా బండి అద్దంలా తుడిచి పెట్టాల్సిందే. అలాంటివాడి కళ్లముందే ఇంటి పెద్దాయన ఒక తుపాకి కొన్నాడు. అందరూ బాబా అని పిలిచే ఆయనకి చూపు బాగా మందగించింది.

అది పాతకాలపు పంపు తుపాకి. గొట్టం కింది కట్టె పిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే తూటా ఎక్కుతుంది. అమ్మేవాడు అలాంటివి మూడు బల్ల మీద పెట్టాడు. రెండు నిగనిగలాడుతున్నాయి. బాబా మూడింటి పిడులూ తడిమి, అన్నిట్లోకీ అధ్వాన్నంగా, అరిగి గుంటలు పడ్డదాన్ని గుండెకి హత్తుకున్నాడు. ముసలాయన్ని నిలువునా ముంచారనుకున్నాడు నాగూర్.

శుక్రవారం మజ్లిస్‌కి, అంటే ఇంటి ముందుగదిలో జరిగే కూడికకి, వచ్చే బంధువులకి దాన్ని చూపిస్తానని బాబా సంబరపడ్డాడు. దుమ్ము తుడిచి ఉంచమని నాగూర్‌కి అప్పగించాడు. ఆయన నవ్వులపాలవుతాడని నాగూర్ భయం. ఇండస్ట్రియల్ ఏరియాకి పోయి గరుకు కాగితం, వార్నిష్ తెచ్చాడు. వంటమనిషి రెహానా ఆపబోయింది.

"తుడవమన్యాడు గానీ గీకమన్లేదు గదన్నా."

"ఆయన్ను జూసి నలుగురూ నవ్వితే నాకు తల కొట్టేసినట్టుంటాది రెహానమ్మా."

గుంటలు చదునయ్యేదాకా గీకి, రెండు పూతలు పూసి, తన పనితనానికి తనే మురిసిపోయాడు.

శుక్రవారం నమాజు నుంచి రాగానే బాబా తుపాకిని ఒళ్లోకి తీసుకున్నాడు. వేళ్లు పిడి మీదకి వెళ్లి ఆగిపోయాయి. మళ్లీ వెతికాయి.

"ఇక్కడ నా తమ్ముడి చెయ్యి ఉండేది" అన్నాడు, డ్రైవర్లతో మాట్లాడే వచ్చీరాని హిందీలో.

చిన్నప్పుడే నడిమివేలు పోయిన ఆ తమ్ముడు బతికినన్నాళ్లూ దానితోనే వేటాడాడట. మూడు వేళ్లు అరగదీసిన చోట గుంటలు, లేని వేలి చోట కట్టె ఎత్తుగా ఉండేదట. అతను పోయాక ఎవరెవరి చేతుల్లోకో వెళ్లిన తుపాకిని ఏళ్ల తరబడి వెతికి, ఆ గుర్తు పట్టే కొన్నాడట.

నాగూర్ అక్కడే కూలబడి ఏడ్చాడు. తిట్టమన్నాడు, ఊరికి పంపేయమన్నాడు.

చుట్టాలొచ్చారు. తుపాకి ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి వెళ్లింది. కొత్తదానిలా ఉంది, ఎవరు బాగుచేశారని ఒకాయన అడిగాడు. నాగూర్ గహ్వా కాఫీ పోయడం ఆపి తల దించుకున్నాడు.

"మా నాగూర్" అన్నాడు బాబా. "నామీద ప్రేమతో చేశాడు."

అందరూ మాషా అల్లా అన్నారు. ఆ మెచ్చుకోలు నాగూర్‌కి చెంపదెబ్బలా తగిలింది. తుపాకి గదంతా తిరిగి చివరికి బాబా ముందుకి వచ్చింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. గోడకి తగిలించమని నాగూర్‌కే చెప్పాడు.