గెలుపుకు భయపడిన గ్యాలరీ

2013 జనవరి 22, మంగళవారం, ఉదయం పదిన్నర. హాజరైనవారు ముగ్గురు: కళాశాల ఫిజికల్ డైరెక్టరు ప్రసన్నకుమార్, వడ్రంగి మేస్త్రీ లక్షణాచారి, లైబ్రరీ అటెండరుగా రిటైరై, ఆ రోజు ప్రేక్షకుల తరఫున వచ్చిన మస్తాన్ సాహెబు. నాలుగోదాన్ని నేను. ఆనాటి తనిఖీ కాగితంలో నా పేరు ‘తనిఖీ చేయబడిన వస్తువు’.

నేను ఒక చెక్క గ్యాలరీని. బందరులో ఒక కళాశాల బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన ఐదు మెట్లుగా నిలబడి ఉన్నాను. అంతకుముందు రేవులో ఉప్పు గోదాముకు దూలాలుగా ఉండేదాన్ని. గోదాము పడగొట్టినప్పుడు కళాశాలవారు కొని, కోయించి, మనుషుల కోసం బిగించారు. ఉప్పు బస్తాలు ఆశపడవు. మనుషులు ఆశపడినప్పుడల్లా బరువెక్కుతారని ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

ఆ ఉదయం మేస్త్రీ నా మూడో కాలిని ఉలితో తట్టాడు. లోపలినుంచి మట్టి రాలింది.

“చెదలండీ. పైన రంగు తప్ప లోపలేం లేదు. కూర్చుంటే ఆగుద్ది. అంతా కలిసి గెంతారంటే మాత్రం కూలుద్ది.”

“మూడేళ్లుగా ఇక్కడ ఆడిన పదిహేడు మ్యాచులూ ఓడాం మేస్త్రీ,” అన్నాడు ప్రసన్నకుమార్. “మావాళ్లకి గెంతే పనెప్పుడు పడింది?”

ముగ్గురూ నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. పనికిరానిదని రాస్తే గ్యాలరీకి తాళ్లు కడతారు. చూసేవారే లేని ఆట ఎందుకని యాజమాన్యం కోర్టును స్కూటర్ల స్టాండు చేస్తుంది. అందుకని ‘కూర్చొనుటకు యోగ్యము’ అని రాశారు. మస్తాన్ సాహెబు పెన్ను పట్టుకుని చాలాసేపు నా మూడో కాలి వంకే చూసి, చివరకు సంతకం పెట్టాడు.

ఆ రోజునుంచి నాకు భయం పట్టుకుంది. ఓటమికి కాదు, గెలుపుకు. సాధనలో మనవాళ్ల బంతి వలలో పడినప్పుడల్లా నాలో మట్టి జారేది. వానలో గొడుగులు పట్టుకుని, ముప్ఫై పాయింట్ల తేడాతో ఓడుతున్నా చివరిదాకా కూర్చునే ఆ ముప్ఫై ఒక్కమంది జట్టు ఓడిపోవాలని కోరుకున్నదాన్ని ఈ ఊళ్లో నేనొక్కదాన్నే.

నాకున్న ధైర్యమల్లా వాళ్ల కట్టుబాటు ఒక్కటే. ఎనిమిదేళ్ల క్రితం ఆఖరి క్షణంలో బంతి పడిందని చిందులు వేశారు; ఈల మోగాక వేసిన బంతి చెల్లదని రిఫరీ కొట్టేశాడు. అప్పటినుంచి స్కోరు షీటు మీద రిఫరీ సంతకం పడేదాకా ఎవరూ లేవకూడదని మస్తాన్ సాహెబు నియమం పెట్టాడు.

ఫిబ్రవరి 16 సాయంత్రం పద్దెనిమిదో మ్యాచ్. పదకొండు సెకన్లు ఉండగా మనవాళ్లు ఒక్క పాయింటు వెనక. కెప్టెన్ తేజోమూర్తి మూలనుంచి విసిరిన బంతి అంచు మీద రెండుసార్లు తిరిగి వలలో పడింది. ఈల మోగింది.

ముప్ఫై జతల మోకాళ్లు ఒక్కసారి లేవబోయాయి. నా మూడో కాలు కిర్రుమంది.

“కూర్చోండి! సంతకం పడలేదు!” మస్తాన్ సాహెబు రెండు చేతులూ చాపాడు.

కూర్చున్నారు. బీకాం చదివే హెప్సీబా పై మెట్టునుంచి అరిచింది: “బాబాయ్, మూడేళ్లు కూర్చున్నాం, ఇంకెంతసేపు?”

“రెండు నిమిషాలు తల్లీ. ఈసారి సంతకం కిందనుంచి చూద్దాం. పైమెట్టు వాళ్లు ముందు. ఒక్కొక్కళ్లే, మెల్లగా.”

“పెళ్లి భోజనాలా ఏంటి బాబాయ్, వరస కట్టడానికి?”

“భోజనమే అనుకో. దిగమ్మా, నీకు దణ్ణం పెడతా.”

ఆ మాట విన్నాక ఎవరూ హాస్యమాడలేదు. ఒక్కొక్క పాదం నామీద పడి లేస్తుంటే మస్తాన్ సాహెబు పెదవి కదపకుండా దిగేవాళ్లను లెక్కపెట్టుకున్నాడు. ముప్ఫై. చివర తాను దిగాడు. చొక్కా మొత్తం తడిసిపోయింది.

అప్పుడు రిఫరీ సంతకం పెట్టాడు. నేల మీద వాళ్లు గెంతిన గెంతులకే నా మూడో కాలు పిండి పిండిగా విరిగింది. పై మెట్టు, హెప్సీబా కూర్చున్న చోటు, అంచుతో సహా కింద పడింది. అరుపులు ఆగిపోయాయి. ఆ అమ్మాయి విరిగిన చెక్కనూ మస్తాన్ సాహెబునూ మార్చి మార్చి చూసింది.

“నీకు తెలుసా బాబాయ్?”

“తెలుసు తల్లీ. తెలిసే సంతకం పెట్టా.”

ఆయన ప్రసన్నకుమార్ దగ్గరికి వెళ్లి జనవరి కాగితం అడిగాడు.

“ఇది బయటికెళ్తే కోర్టు మూసేస్తారండీ.”

“మూస్తే మూయనీండి. చాపలు తెచ్చుకుని గేటు బయట కూర్చుంటాం. కూర్చోవడం మాకు కొత్తా? ఇంకోసారి మాత్రం ఇలా లెక్కపెట్టలేనండీ.”

విరిగి పడిన నా చెక్క మీదే కాగితం పరిచి, ‘యోగ్యము’ అన్న మాటను కొట్టేశాడు. కింద రాశాడు: ‘ఎవరూ కూర్చొనరాదు. తెలిసి దాచినవారిలో మొదటివాణ్ని నేనే.’ సంతకం పెట్టాడు. ప్రసన్నకుమార్ పెన్ను అందుకుని, పక్కన తనూ పెట్టాడు. మస్తాన్ సాహెబు సిరా ఆరేదాకా ఊది, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, సోమవారం ప్రిన్సిపాలుకు ఇవ్వడానికి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.