డేటు లేని ముక్క

రత్నాంబ ఉప్పు మానేసి ఏడు నెలలైంది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ నమ్మరు. పొద్దున్నే కూర పొయ్యి మీద ఉడుకుతుండగా, ఉప్పు వెయ్యకముందే రెండు గరిటెలు చిన్న గిన్నెలోకి తీసి పక్కన పెట్టుకుంటుంది. అది ఆమె కూర. తర్వాత ఉప్పేసి కలిపింది ఇంటి కూర. ఇంటి కూర నోట్లో పెట్టుకుని అమరేశ్వరరావు రోజూ ఒకటే మాట అంటాడు. "ఇందులోనూ ఉప్పు తగ్గించావా? నీకు బీపీ వస్తే మేమంతా పథ్యం చెయ్యాలా?"

తాడేపల్లిగూడెం మార్కెట్టు రోడ్డులో అతనికి మందుల షాపుంది. ఆ షాపు యజమాని భార్యకి ఏడు నెలలుగా బీపీ దిగకపోవడం అతనికి తలవంపులుగా ఉంది. ఏలూరులో డాక్టరు గదిలో కూచున్నప్పుడు ఆ తలవంపులు ఎలా దులుపుకున్నాడో ఆమెకి మాటమాటా గుర్తే. "మందులు వేళకి వేసుకుంటున్నారామ్మా?" అని డాక్టరు అడిగాడు. ఆమె నోరు విప్పేలోగా అతనే అందుకున్నాడు. "మందుల షాపువాడి పెళ్ళానికి మందులకేం లోటండీ? నోరు కట్టుకోవాలిగా. ఆవకాయ జాడీ దగ్గర్నుంచి కదలదు." డాక్టరు నవ్వాడు. అతనూ నవ్వాడు. కిందటి ఉగాది తర్వాత ఆ జాడీ మూతకి కట్టిన గుడ్డ తన కోసం ఒక్కసారీ విప్పలేదని చెప్పాలనుకుంది. ఇద్దరు మగవాళ్ళు నవ్వుతుంటే మధ్యలో ఆవకాయ గురించి వాదించడం ఇంకా చిన్నతనంగా తోచి ఊరుకుంది. మిషను నూట డెబ్భై రెండు చూపించింది. మిషను కూడా అతని పక్షమే అయింది.

ఎలాగూ వచ్చారు కదా అని డాక్టరు అమరేశ్వరరావు చేతికీ పట్టీ చుట్టాడు. నూట యాభై నాలుగు. "మీకూ ఉందండోయ్," అన్నాడు. అతని నవ్వు ఆగిపోయింది.

లేచి వస్తుంటే డాక్టరు ఆమెనొక్కదాన్నే చూసి చెప్పాడు. "ఈ మందుకి ఇంత కూడా దిగకపోవడం నాకెందుకో నచ్చట్లేదమ్మా. ఇంకో నెల ఇదే వాడండి. ఈసారి వచ్చేటప్పుడు ఆ స్ట్రిప్పులు పట్టుకురండి, చూస్తాను."

తిరుగు బస్సులో అమరేశ్వరరావు ఉంగుటూరు దాటాక అన్నాడు. "స్ట్రిప్పులు చూస్తాడంట. వాళ్ళ కింద షాపులో కొనిపించే ఎత్తు. నాకు తెలీదా?"

ఆ మాట దగ్గర రత్నాంబకి ఒక సంగతి తట్టింది. పట్టుకెళ్ళడానికి తన దగ్గర స్ట్రిప్పులెక్కడున్నాయి?

మర్నాడు పొద్దున్న మందుల స్టీలు డబ్బా తీసింది. ఆ డబ్బా ఆమె పనే. అత్తగారి బిళ్ళలు అరగదీసి తేనెలో కలిపి నాలిక మీద రాయడం, ఇక నుంచి అతని బిళ్ళ కూడా కాఫీ గ్లాసు పక్కన పెట్టడం, ఆఖర్న గుర్తుంటే తను వేసుకోవడం. అతనికి రాత్రే కొత్త స్ట్రిప్పు వచ్చింది. పదికి పది, పేరూ డేటూ మెరుస్తూ, వంకర లేకుండా ఉంది. ఆమెవీ అత్తగారివీ ముక్కలు. రెండేసి, మూడేసి బిళ్ళల ముక్కలు. ఒకటి తెలుపు, ఒకటి లేత గులాబి, ఒకటి మధ్యలో గీత ఉన్నది. ఏ ముక్క వెనక చూసినా సగం సగం అక్షరాలే. ఇంత కాలం ఆ డబ్బాలో చెయ్యి పెడుతూ ఇది చూడలేదా తను? చూసింది. చూసి అడిగింది కూడా. ఒక నెల పొడి దగ్గు పట్టుకుని వదల్లేదు. ఇంకో నెల సాయంత్రానికల్లా పాదాలు ఉబ్బి చెప్పులు పట్టలేదు. "ఏవండీ, నెలకో రంగు బిళ్ళ ఇస్తున్నారు, ఇవన్నీ ఒకటేనా?" అనడిగితే, "అన్నీ బీపీ బిళ్ళలే. కంపెనీలు వేరు, అంతే. నీకున్నది బీపీ కాదే, అనుమానం. దానికి నా షాపులో మందు లేదు," అన్నాడు. అనుమానం మనిషి అన్న పేరు పడుతుందని మళ్ళీ అడగలేదు. కట్టుకున్నవాణ్ణి డేటు అడుగుతారా ఎవరైనా?

ఒక ముక్కని తిప్పి చూస్తున్నదల్లా ఆగిపోయింది. దాని అంచు తిన్నగా లేదు. రంపపు పళ్ళలాగా వంకీలు వంకీలుగా ఉంది. ఒక చోట రెండు వంకీల మధ్య చిన్న ఖాళీ.

ఆ ముక్కని పిడికిట్లో పెట్టుకుని వెనక వీధిలో వహీదా ఇంటికెళ్ళింది. వహీదా దర్జీ. రత్నాంబ ఆమె జాకెట్లకి హుక్కులు కుట్టిపెట్టి నాలుగు డబ్బులు తెచ్చుకుంటుంది. ఆ సంగతి ఇంట్లో తెలీదు.

"వహీదా, దీన్ని దేనితో కోశారో చెప్పగలవా?"

వహీదా మిషను ఆపి, ముక్కని కిటికీ వైపు ఎత్తి చూసి ఫక్కున నవ్వింది. "చెప్పడానికేముందక్కా! నా జిగ్‌జాగ్ కత్తెర. ఇదిగో, ఈ ఖాళీ చూడండి. పన్ను విరగ్గొట్టి తెచ్చిచ్చారుగా మీరు? పుష్కరాలప్పుడు. బట్ట కోసే కత్తెరతో అట్టలు కోస్తే విరగదా మరి! మా ఆయన నన్నెన్ని మాటలన్నాడో మీకేం తెలుసు."

"ఆ కత్తెర ఇంకా ఉందా?"

"ఎక్కడిదక్కా! అప్పుడే పాత ఇనుములో పడేసి కొత్తది కొన్నా."

రత్నాంబ ముక్కాలి పీట మీద కూచుని వేళ్ళ మీద లెక్కేసింది. గోదావరి పుష్కరాలు. రెండువేల మూడు. మందుల షాపుల సంఘంవాళ్ళు కొవ్వూరు రేవులో ఉచిత మందుల శిబిరం పెడితే, అమరేశ్వరరావు తల్లిని స్నానానికని వెంటబెట్టుకుని పన్నెండు రోజులు అక్కడే ఉన్నాడు. షాపు కత్తెర కూడా పట్టుకుపోయాడు. ఆ పన్నెండు రోజులూ పొద్దుణ్ణుంచి రాత్రి దాకా షాపులో కూచున్నది రత్నాంబే. పుణ్యం చేసుకొచ్చినవాళ్ళు చెంబుతో తెచ్చిన నీళ్ళు ఆమె నెత్తిన చల్లారు. ఆ పన్నెండు రోజులే ఆమె వహీదా కత్తెరతో స్ట్రిప్పులు కోసింది. ఇప్పుడు రెండువేల ఏడు. నాలుగేళ్ళ కిందట తన చేత్తో కోసి పక్కన పడేసిన ముక్క, తిరిగి తిరిగి తన నోటి దగ్గరికే వచ్చింది.

"ఏంటక్కా, మొహం అలా అయిపోయింది? మంచినీళ్ళివ్వనా?"

"వద్దమ్మా. నువ్వు మీ అమ్మకి బిళ్ళలు కొనేటప్పుడు డేటు చూస్తావా?"

"నాకు చదువు రాదుగా. మా అబ్బాయి మునీర్ చేత చూపించుకుంటా. చూడకుండా ఎలా వేస్తామక్కా, మందు కదా!"

ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా షాపు రత్నాంబదే. ఆ వేళకి అమరేశ్వరరావు ఇంటికొచ్చి భోంచేసి పడుకుంటాడు. ఆమె తిరిగొచ్చాక తింటుంది. దాన్ని పనని ఎవరూ అనరు. "కూచోడమేగా, ఫ్యాను కింద," అంటాడు. ఆ మధ్యాహ్నం ఫ్యాను కింద కూచుని, బల్ల కింద అరలోంచి పాత బిస్కట్ల డబ్బా పైకి తీసింది. అదేమిటో ఆమెకి కొత్తగా చెప్పక్కర్లేదు. బేరం నేర్పిన రోజుల్లోనే చెప్పాడు. ఎవరైనా నాలుగు బిళ్ళలడిగితే డేటున్న వైపు నుంచి కోసివ్వాలి, కొనేవాడికి అనుమానం రాదు. మిగిలిన డేటు లేని ముక్క డబ్బాలో వెయ్యాలి. నిండు స్ట్రిప్పైతే డేటు దాటినా కంపెనీ వెనక్కి తీసుకుంటుంది, కోసిన ముక్క తీసుకోదు. ఇదివరకు ఆ ముక్కలు పల్లెటూళ్ళవాళ్ళకి వెళ్ళిపోయేవి. "ఇప్పుడు పెంటపాడు ముసలమ్మలు కూడా డేటేదని అడిగేస్తున్నారు. బాగుపడిపోయింది లోకం," అని అతను విసుక్కోవడం కూడా ఆమె విన్నదే. అప్పట్నుంచి ఆ ముక్కలు ఏమవుతున్నాయో మాత్రం ఆలోచించలేదు. ఇంట్లో ఏది మాత్రం అలా రాలేదు? అట్ట చిరిగిన సబ్బు, మూత పగిలిన పౌడరు, గడ్డకట్టిన హార్లిక్స్. అమ్ముడుపోనిది ఇంటికొస్తుంది. ఆడవాళ్ళు వాడతారు. పారెయ్యడానికి చెయ్యి రాదు. ఆమెకీ రాలేదు. ఆ గడ్డల్ని రోట్లో నూరి, పాలల్లో కలిపి, పొదుపుగల ఇల్లాలని అనిపించుకుంది.

డబ్బాలో చెయ్యి పెట్టి కెలుకుతుంటే ఇంకో ఆలోచన వచ్చి, చెయ్యి అక్కడే ఆగిపోయింది. అత్తగారు.

రెండేళ్ళ కిందట అత్తగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, సగం మూతి పడిపోయాయి. ఆస్పత్రి వరండాలోనే ఆడపడుచు అంది. "ఏం వండి పెట్టావొదినా మా అమ్మకి? ఉప్పు మీద నీకు కంట్రోలు లేదు." అమరేశ్వరరావు పక్కనే ఉన్నాడు. కాదనలేదు, తలొంచుకున్నాడు. బాధకి వంచుకున్నాడనుకుంది అప్పుడు. ఇప్పుడు ఆ తల ఎందుకొంగిందో తెలియట్లేదు. ఆ రోజు నుంచీ అత్తగారి ఒళ్ళు తుడవడం, పక్క బట్టలు ఉతకడం, ముద్ద మెత్తగా చేసి మంచి వైపు బుగ్గలో పెట్టడం రత్నాంబ చేతుల మీదే జరుగుతున్నాయి. తప్పు చేసినదానిలా చేసింది. ఎవరి తప్పుకి?

ఈ డబ్బాయే కారణమని రుజువేముంది? ఏమీ లేదు. డెబ్భై రెండేళ్ళ మనిషి. మంచి మందు వేసుకున్నా రావచ్చునేమో. కానీ ఉప్పుకి మాత్రం ఎవరు రుజువడిగారు?

బీరువాలోంచి డాక్టరు రాసిన పేరుతో, వచ్చే ఏడాది డేటుతో నిండు స్ట్రిప్పులు నాలుగు తీసింది. రెండు తనకి, రెండు అత్తగారికి. ఇద్దరికీ చీటీలో రాసింది ఆ మందే. బల్ల మీద గిరాకీల కోసం పెట్టిన బీపీ మిషను ఉంది. రోజూ మూడింటికి బేరం పలచబడ్డాక చెయ్యి పెట్టి చూసుకుంది. మొదటి వారం నూట అరవై ఎనిమిది. తనదే అనుమానమేమోనని సిగ్గేసింది. రెండో వారం నూట నలభై ఆరు. పద్దెనిమిదో రోజు నూట ముప్ఫై నాలుగు. మిషను తప్పేమోనని మూడుసార్లు చూసుకుంది. దగ్గు లేదు. పొద్దున్నే తల వెనక పట్టేసినట్టుండేది, అదీ లేదు. అంతకాలం ఆ నొప్పిని తన స్వభావమనుకుంది.

మూడో వారం చివర అమరేశ్వరరావు షాపు నుంచి కేకలేసుకుంటూ వచ్చాడు. "నాలుగు స్ట్రిప్పులు తగ్గాయి. నువ్వు తీశావా?"

"తీశానండీ. నాకూ అత్తయ్యగారికీ."

"సొంత షాపులో దొంగతనమా? డబ్బాలో ఉండగా నిండు స్ట్రిప్పులు తెంపుతావా?"

"డబ్బాలోవి డేటు దాటినవండి. నాలుగేళ్ళవి కూడా ఉన్నాయి."

అతని కళ్ళు స్టీలు డబ్బా వైపు పోయి వచ్చాయి. ఆ చూపుని రత్నాంబ చూసింది. తర్వాత ఎప్పటి గొంతే. "డేటు దాటితే విషమైపోద్దా? అదంతా కంపెనీవాళ్ళు జనాన్ని భయపెట్టడం. ముప్ఫై ఏళ్ళుగా ఇందులో ఉన్నాను, నాకు చెప్తావా? ఆ ఏలూరు డాక్టరు ఎక్కించాడు నీకు. అనుమానం రోగం ముదిరింది."

రత్నాంబ మర్నాడు మధ్యాహ్నం తన వేళకి షాపుకొచ్చి, కూచోకుండా రోడ్డు దాటింది. ఎదురుగా జోగారావు మందుల షాపు. పదిహేనేళ్ళుగా రెండు షాపులకీ పడదు. జోగారావు కళ్ళజోడు పైకెత్తాడు.

"మీరాండీ రత్నాంబగారూ! ఏంటండీ ఇలా? మీ షాపులో లేని మందా?"

"ఉందండీ. నాకు నిండు స్ట్రిప్పులు కావాలి. బిల్లు మీద డేటు కూడా వెయ్యండి." హుక్కులు కుట్టిన డబ్బులు బల్ల మీద పెట్టింది. మందు కోసం నిలబడ్డ నలుగురూ మాటలాపి ఆమె వైపు చూశారు. ఆమె స్ట్రిప్పు తిరగేసి, డేటు పైకే చదువుకుని, సంచిలో వేసుకుంది.

సాయంత్రానికి మాట ఇంటికొచ్చింది. "బజార్లో నా పరువు తీశావు," అని అమరేశ్వరరావు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. "ఆ డబ్బాలో మందులకేమొచ్చింది? ఏమొచ్చిందని?" అని గదిలోంచి చాలాసేపు అంటూనే ఉన్నాడు. రత్నాంబ అత్తగారికి మూతి తుడుస్తోంది. ఆవిడ ఎడమ చెయ్యి లేపి రత్నాంబ మణికట్టు పట్టుకుంది. విన్నదో, అర్థమైందో తెలీదు. చాలాసేపు వదల్లేదు.

తెల్లారింది. రత్నాంబ కాఫీ గ్లాసు తెచ్చి అతని ముందు పెట్టింది. పక్కన రోజూ పెట్టే బిళ్ళ పెట్టలేదు. వంకీల అంచున్న ముక్క పెట్టింది.

"ఏంటిది?"

"మీకూ బీపీ ఉందన్నారుగా డాక్టరుగారు. వేసుకోండి. అన్నీ బీపీ బిళ్ళలేగా."

అమరేశ్వరరావు ఆమె వైపు చూడలేదు. ముక్కని రెండు వేళ్ళతో ఎత్తి, కళ్ళజోడు పెట్టుకుని, కిటికీ వెలుతురులోకి పట్టుకుని, ఈ వైపొకసారి, ఆ వైపొకసారి తిప్పి, డేటు కోసం వెతికాడు.