థిబో మట్టి

వారం కిందటి గాలివానకు, వాలు మీద పై తోటలో ఉన్న మట్టంతా గట్టు తెంచుకుని వచ్చి సోలాంజ్ ద్రాక్షతోట మీద పడింది. ఆమె తాత నాటిన తీగలు మోకాలి లోతు కూరుకుపోయాయి. అంటు కట్టిన చోటు ఎక్కువకాలం మట్టిలో ఉంటే తీగ చచ్చిపోతుంది. ఎవరి మట్టి జారితే వాళ్ళే బుట్టలకెత్తుకుని పైకి మోసుకుపోవడం ఆ ఊరి కట్టుబాటు. పై తోట థిబోది. వాళ్ళ నాన్న డెబ్బై ఏళ్ళ వయసులో కూడా మోశాడు.

థిబో మాత్రం నవ్వేశాడు. "ఊళ్ళో నా మట్టిని మించిన మట్టి లేదత్తా. ఊరికే వచ్చింది, ఉంచుకో."

ఎద్దు పుండు కాకికి నొప్పా?

సోలాంజ్ పార వేసి చూసింది. ఒక్క వానపాము లేదు, ఒక్క గడ్డివేరు లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే గుప్పున కలుపుమందు కంపు. గడ్డి పీకడానికి ఒళ్ళు వంగదు వెధవకి, నెలకోసారి మందు కొట్టేస్తాడు. వేరు లేని నేల వానకు ఆగుతుందా?

శనివారం ఒక బుట్టెడు మట్టి ఎత్తుకుని థిబో వైన్ కొట్టుకు వెళ్ళింది. అతను లియోన్ పట్నం నుంచి వచ్చిన మొగుడూపెళ్ళాలకు తెల్ల వైన్ పోస్తున్నాడు.

"ప్రతి గుక్కలో మా నేలే ఉందండీ. నాలుకకు తగులుతోందా?"

వాళ్ళు కళ్ళు మూసుకుని తలలూపారు. సోలాంజ్ బుట్ట తెచ్చి బల్ల మీద కుదేసింది.

"గ్లాసులెందుకురా, నేలే తెచ్చాను. తిను."

"వచ్చినవాళ్ళ ముందు ఏంటత్తా ఈ గోల?"

"మీ నాన్న తోట కొనేముందు చిటికెడు మన్ను నోట్లో వేసుకునేవాడు. నువ్వూ వేసుకో, చూస్తాను."

లియోన్ ఆవిడకు ఇదంతా సరదాగా తోచింది. "నిజంగా రుచి చూస్తారా? ఏదీ, నేను చూస్తాను," అంటూ బుట్టలో చెయ్యి పెట్టబోయింది.

థిబో గబుక్కున ఆమె మణికట్టు పట్టేసుకున్నాడు. "వద్దండీ! ముట్టుకోకండి!"

ఆవిడ భర్త తన చేతిలోని గ్లాసు వైపు చూశాడు.

"మరి ఇందాకటి నుంచి మీరు మాకు తాగిస్తున్నదేంటి?"

సీసా ఒక్కటి కూడా కొనకుండా వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే థిబో బుట్ట వీపున వేసుకుని ఆమె తోటలోకి దిగాడు. సోలాంజ్ గట్టు మీద నిలబడి చూసింది. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని ఎత్తుతున్నాడు తన మట్టిని.

ఆమె తుపుక్కున ఉమ్మేసింది.